వనరక్షణలో అసువులు బాసిన పందిళ్ళపల్లి శ్రీనివాస్

కర్ణాటక, తమిళనాడు రాష్ట్రాల సరిహద్దున, మలెమహదేశ్వర కొండలు దాటి కావేరీ తీరానికి దిగే దారిలో గోపీనాథం అనే చిన్న గ్రామమున్నది. గంధపు చెక్కల దొంగ వీరప్పన్ పుట్టిన ఊరుగా దాని పేరు దేశమంతటికీ తెలిసిపోయినది. ఆ ఊరి మారియమ్మ గుడిలో దేవతల పటాలతో పాటు ఒక మనిషి చిత్రపటం కూడ ఉన్నది. అమ్మవారికి మ్రొక్కిన చేతులతోనే గ్రామస్థులు ఆ పటానికీ నమస్కరిస్తారు. ఆ పటం వీరప్పన్‌ది కాదు; వీరప్పన్ చేతిలో ప్రాణాలు కోల్పోయిన ఒక ప్రభుత్వాధికారిది. ఆయన కన్నడిగుడు కాదు, తమిళుడు కాదు. గోదావరి నీళ్ళు త్రాగి పెరిగిన తెలుగువాడు. పేరు పందిళ్ళపల్లి శ్రీనివాస్.

విధి నిర్వహణలో మరణించిన పోలీసు ఉద్యోగుల స్మృత్యర్థం ఏటా అక్టోబరు 21వ తేదీన దేశమంతటా సంస్మరణ దినం జరుపుట ఎల్లరూ ఎరిగినదే. 1959లో లడఖ్‌లోని హాట్ స్ప్రింగ్స్ వద్ద చైనా సైనికుల కాల్పులలో నేలకొరిగిన పోలీసులను తలచుకొనే దినమది. ప్రతి జిల్లా కేంద్రంలోను పోలీసు మైదానంలో ఒక స్తూపం, ఆనాడు దానిపై పుష్పగుచ్ఛాలు, గౌరవ వందనం ఉంటాయి. అడవిని కాపాడుతూ మరణించినవారికి మాత్రం ఇటువంటి జాతీయ దినం చాలాకాలం లేదు. శ్రీనివాస్ గారు వేసుకొన్నది అటవీశాఖ దుస్తులే అయినా, ఆయన చివరి రోజులలో చేసినది పోలీసులు చేసే పనియే. వారితో కలిసి ఏర్పడిన ప్రత్యేక దళంలో ఆయన పనిచేశారు. మరణించినది కూడ ఆ పనిమీదనే.

1954 సెప్టెంబరు 12వ తేదీన రాజమహేంద్రవరంలో ఆయన జన్మించారు. ఆ నగరంలో పెరిగినవారికి అడవి మరీ దూరపు వస్తువేమీ కాదు. ఎగువన పాపికొండలు, ప్రక్కన రంపచోడవరం మన్యం. ఒకప్పుడు మన్యపు కలప, వెదురు తెప్పలుగా కట్టబడి గోదావరి మీదుగా రాజమండ్రి రేవులకు దిగివచ్చేవి. 1979లో ఆయన భారత అటవీ సేవకు ఎంపికైనారు. 1966లో పునరుద్ధరింపబడిన ఈ అఖిల భారత సేవలో చేరినవారు డెహ్రాడూన్‌లో శిక్షణ పొంది, ఏ రాష్ట్రానికి కేటాయిస్తే ఆ రాష్ట్రానికి వెళ్ళవలసి ఉంటుంది. శ్రీనివాస్ గారికి కర్ణాటక లభించినది. గోదావరి ఒడ్డు వీడి కావేరి ఒడ్డుకు చేరిన ఆయన, ఉద్యోగ జీవితంలో అతి ముఖ్యమైన భాగాన్ని చామరాజనగర, కొళ్ళేగాల అడవులలోనే గడిపారు.

ఆ నేలను గూర్చి ఒక మాట చెప్పక తప్పదు. కొళ్ళేగాల తాలూకా 1956 వరకు మద్రాసు రాష్ట్రంలోని కోయంబత్తూరు జిల్లాలో ఉండేది. భాషాప్రయుక్త రాష్ట్రాలు ఏర్పడినప్పుడు దానిని మైసూరు రాష్ట్రంలో కలిపారు. పటం మీద గీత మారినది గాని ఇండ్లలో మాట మారలేదు. అందువల్లనే గోపీనాథం వంటి పల్లెలలో ఇంటి భాష తమిళంగాను, కచేరీ భాష కన్నడంగాను నిలిచిపోయినవి. ఇంట ఒక భాష, వీధిలో మరొక భాష అనే ఈ స్థితి, తరతరాలుగా పరభాషా రాష్ట్రాలలో కాపురముంటున్న తెలుగు కుటుంబాలకు కొత్త కాదు. అటువంటి ఊళ్ళో ప్రభుత్వం ఎదురైనప్పుడు అది పరాయి భాష మాట్లాడుతుంది. పైగా ఖాకీ దుస్తులు వేసుకొని వచ్చినదైతే, తలుపులు మూసుకొనుట మానవ సహజం. శ్రీనివాస్ గారి మాతృభాష ఆ రెండు భాషలలో ఏదీ కాదు. ఆయన ఆ మూసిన తలుపులను తెరిపించగలగడం అందుకే విశేషంగా తోస్తుంది.

అక్కడి అడవికి రెండు సంపదలున్నవి, ఆ రెండే దానికి శాపమైనవి. ఒకటి శ్రీగంధం. మైసూరు రాజ్యంలో 1792లో టిప్పు సుల్తాను గంధపు చెట్టును రాజవృక్షంగా ప్రకటించిన నాటినుండి, ఎవరి పొలంలో మొలిచినా ఆ చెట్టు ప్రభుత్వానిదే. ఈ పద్ధతి స్వాతంత్ర్యం వచ్చిన తరువాత కూడ కొనసాగి 2001లో గాని సడలలేదు. తన గట్టుమీద పెరిగిన చెట్టు తనది కానప్పుడు, రైతు దానిని కాపాడుటకు ఏమంత ఆసక్తి చూపుతాడు? చేవ పట్టి పరిమళమిచ్చుటకు దశాబ్దాలు తీసుకొనే చెట్టును రాత్రికి రాత్రి నరికి అమ్మేవానికి మాత్రం అది బంగారం. రెండవది ఏనుగు దంతం. ఆసియా జాతిలో మగ ఏనుగులకే పెద్ద దంతాలుంటాయి గనుక వేటగాండ్ర తుపాకి మగవానినే వెదకినది. ఆ విధంగా దక్షిణాది అడవులలో మగ ఏనుగుల సంఖ్య ఘోరంగా పడిపోయినది. 1986లో వన్యప్రాణి సంరక్షణ చట్టాన్ని సవరించి భారతీయ ఏనుగు దంతపు వ్యాపారాన్ని నిషేధించారు. నిషేధంతో వ్యాపారం చీకటిలోకి జరిగినదే గాని వెంటనే ఆగలేదు.

ఈ రెండింటి మీద ఎదిగినవాడే వీరప్పన్. చెట్లు నరకడానికి, దుంగలు మోయడానికి అతనికి మనుషులు కావాలి. కొండ ప్రక్కన వాననమ్మి బ్రతికే బీద పల్లెలలో కూలి దొరకడమే కష్టం. ఎక్కువ కూలి ఇచ్చేవాడు దొంగయా దొరయా అని ఆకలి అడుగదు. పైగా అతడు తమ ఊరివాడు, తమ భాషవాడు. భయం సగం, బంధుత్వం సగంగా ఆ ఊళ్ళు అతనికి కోటగోడలై నిలిచినవి.

1986లో వీరప్పన్ బెంగుళూరులో పట్టుబడ్డాడు. ఈ అరెస్టుతో శ్రీనివాస్ గారికి సంబంధమున్నది. ఆనాటికి ఆయన వయస్సు 32 సంవత్సరాలకు మించలేదు. కాని బందీ నిలువలేదు. అటవీశాఖ అదుపులో, బూదిపడగ అటవీ విడిదిలో ఉండగా తప్పించుకొనిపోయాడు. ఆ పారిపోవుటకు దేశం చెల్లించిన మూల్యం లెక్కకు అందనిది. తరువాత 18 ఏళ్ళు అతడు మళ్ళీ చేతికి చిక్కలేదు.

1990 నాటికి వీరప్పన్ మనుషులు పోలీసు అధికారులను సైతం మాటువేసి కాల్చిచంపే స్థితి వచ్చినది. ఆ ఏడు కర్ణాటక ప్రభుత్వం అతనిని పట్టుకొనుటకు ప్రత్యేక కార్యదళాన్ని ఏర్పరచినది. అప్పటికి డిప్యూటీ కన్సర్వేటర్ హోదాలో ఉన్న శ్రీనివాస్ గారు ఆ దళంలో చేరారు. దళానికి తుపాకులు, వైర్‌లెస్ సెట్లు, జీపులు ఉన్నవి. అడవి లోపల ఏమి జరుగుతున్నదో చెప్పే మనుషులు మాత్రం లేరు. కొండలు, లోయలు, ముళ్ళపొదలతో నిండిన వందలాది చదరపు మైళ్ళ అడవిలో, దారులన్నీ ఎరిగిన మనిషిని దారులెరుగనివారు వెదకుట గడ్డివాములో సూది కొరకు వెదకుటే. సూది ఎక్కడున్నదో గోపీనాథానికి తెలుసును. ఆ ఊరు నోరు విప్పదు.

శ్రీనివాస్ గారు చేసిన పని ఆ ఊళ్ళోనే మకాం పెట్టడం. నేరస్థుని ఊరుగా పేరుపడిన పల్లెను, దాడిచేయవలసిన స్థలంగా గాక, సేవ అందని స్థలంగా ఆయన చూశారు. అక్కడ వైద్యుడు లేడు. జ్వరం వచ్చినా, పురిటి నొప్పులు వచ్చినా బస్సుల కొరకు ఎదురుచూసి ఎంతో దూరం పోవలసిన ఊరది. ఆయన మందులు తెప్పించి, ఊరూరా తిరిగే చిన్న వైద్యశాలను నడిపించారు. త్రాగునీటికి, దారులకు, ఇండ్లకు ప్రభుత్వం నుండి సహాయం రాబట్టుటకు పాటుపడ్డారు. ఇవేవీ అటవీ అధికారి విధులలో వ్రాసి ఉండవు. సొంత జీతం నుండి కూడ ఖర్చుపెట్టారని ఆ ప్రాంతంలో చెప్పుకొంటారు.

మారియమ్మ గుడి కూడ ఆ రోజులలోనిదే. ఊరివారితో కలిసి, వారి శ్రమ, తన పూనిక జతచేసి ఆయన దానిని కట్టించారు. ప్రభుత్వాధికారి గుడి కట్టించడమేమని సందేహం కలుగవచ్చు. మారియమ్మ తమిళ పల్లెలకు ఊరి తల్లి. అమ్మవారు పోసినా, వానలు రాకున్నా ఆమెకే మ్రొక్కుతారు. మన గ్రామదేవతల వంటిదే ఆ తల్లి. గుడి కట్టే చోట ఊరంతా ఒకచోట చేరుతుంది. రాళ్ళు మోసేటప్పుడు, మట్టి కలిపేటప్పుడు మనుషులు మాట్లాడుకొంటారు. గంధపు దుంగలు మోసిన భుజాలపైననే ఆ గుడి రాళ్ళు కూడ ఎక్కి ఉంటాయి. వారిని నేరస్థులుగా గాక గుడి కట్టిన పెద్దలుగా నిలబెట్టిన ఘనత ఆయనది.

ఈ పద్ధతి ఫలించసాగినది. వీరప్పన్ ముఠాలో ఉన్నవారు, అతనికి పనిచేసినవారు కొందరు ఆయన మాట నమ్మి లొంగిపోయారు. కూలికి చెట్లు నరికినవానికీ, మనుషులను చంపినవానికీ తేడా ఉన్నదని ఆయన గుర్తించారు. మొదటివానికి తిరిగి ఇల్లు చేరే దారి చూపారు. తుపాకులు చేయలేని నష్టం ఇది. అనుచరులు ఒక్కొక్కరే జారిపోతుంటే, ఊరు మెల్లగా వేరొకరి మాట వినసాగుతుంటే వీరప్పన్‌కు శ్రీనివాస్ గారిపై పగ పెరిగినది. ఇంతలో వీరప్పన్ సోదరి ఆత్మహత్య చేసుకొన్నది. ఆ దుఃఖానికి కారకుడు ఈ అధికారియే అని వీరప్పన్ తీర్మానించుకొన్నాడు. అప్పటినుండి అది చట్టానికీ దొంగకూ నడుమ పోరాటంగా మిగలలేదు; ఒక మనిషి మరొక మనిషి మీద పెంచుకొన్న పగగా మారినది.

1991 నవంబరులో, వీరప్పన్ తమ్ముడు అర్జునన్ ద్వారా ఒక వర్తమానం వచ్చినది. అన్న లొంగిపోవుటకు సిద్ధంగా ఉన్నాడని, అయితే శ్రీనివాస్ గారు ఆయుధం లేకుండా రావలెనని దాని సారాంశం. నవంబరు 10వ తేదీన ఆయన నిరాయుధులై, అర్జునన్ దారిచూపగా, కాలినడకన అడవిలోకి వెళ్ళారు. ఎరకెయ్యం అనే చోట పొదలమాటున కాచుకొని ఉన్న వీరప్పన్ ఆయనను కాల్చి చంపాడు. అంతటితో తృప్తిపడక శిరస్సును ఖండించి తీసుకొనిపోయాడు. అది కొన్ని సంవత్సరాల తరువాత గాని దొరకలేదు. శ్రీనివాస్ గారికి అప్పటికి 37 ఏండ్లు నిండి రెండు నెలలు కావస్తున్నది.

ఆయుధం లేకుండా పులి గుహలోకి వెళ్ళుట వివేకమా అని ఆనాడు అడిగినవారున్నారు. ఇప్పటికీ అడిగేవారున్నారు. ఆ ప్రశ్నను త్రోసిపుచ్చరాదు. ఒకసారి చేతికి చిక్కి తప్పించుకొన్నవాని స్వభావం ఆయనకు తెలియనిది కాదు. తనపై ఉన్న పగ కూడ తెలిసినదే. అయితే ఆయన చేతిలో ఉన్న పరికరం నమ్మకమొక్కటే. అంతకుముందు లొంగిపోయినవారందరూ ఆయన మాటపై నమ్మకంతోనే వచ్చారు. లొంగిపోతానని కబురు పెట్టినవానిని, వాడు దొంగయని అనుమానించి పోలీసు బలగంతో చుట్టుముట్టినట్లయితే, ఏడాదికి పైగా ఆ ఊళ్ళలో తాను పలికిన ప్రతి మాటా అబద్ధమై పోయేది. తాను నేర్పిన పాఠానికి తానే కట్టుబడుట అనివార్యమైనది. ముందు జాగ్రత్త లోపించినదని అనవచ్చు. తెలివి లోపించినదని అనుట మాత్రం అన్యాయం. ఆ కబురు తెచ్చినవాడు తోడబుట్టినవాడు. అబద్ధం వారిది.

1992 జనవరి 26న భారత ప్రభుత్వం ఆయనకు మరణానంతరం కీర్తిచక్ర పురస్కారం ప్రకటించినది. శత్రుదేశంతో యుద్ధం లేని వేళ చూపిన సాహసానికి ఇచ్చే పురస్కారాలలో అశోకచక్ర తరువాత రెండవది ఇది. సైనికులకే గాక ఇతరులకూ ఇచ్చే ఈ గౌరవం అటవీ అధికారికి దక్కుట అరుదు.

ఆయన మరణించిన తరువాత ఆ అడవి మరింత రక్తసిక్తమైనది. 1992 ఆగస్టు 14న మైసూరు జిల్లా పోలీసు సూపరింటెండెంటు హరికృష్ణ, సబ్‌ఇన్‌స్పెక్టరు షకీల్ అహ్మద్ మీణ్యం సమీపంలో మాటువేసిన ముఠా కాల్పులకు బలియైనారు. వీరిని రప్పించినది కూడ నమ్మించి చేసిన మోసమే. 1993 ఏప్రిల్ 9న పాలార్ సమీపంలో మందుపాతర ప్రేలి 22 మంది మరణించారు. 2000 జూలై 30న కన్నడ చలనచిత్ర నటుడు రాజ్‌కుమార్‌ను వీరప్పన్ అపహరించి 108 రోజులు అడవిలో ఉంచినప్పుడు రెండు రాష్ట్రాలూ ఊపిరి బిగబట్టినవి. బెంగుళూరులో నివసించే తమిళ, తెలుగు కుటుంబాలవారికి ఆ రోజుల ఆందోళన ఇంకను జ్ఞాపకమే. చివరకు 2004 అక్టోబరు 18న ధర్మపురి జిల్లా పాప్పారపట్టి వద్ద తమిళనాడు ప్రత్యేక దళం చేతిలో వీరప్పన్ హతుడైనాడు.

ఈ నడిమి సంవత్సరాలలో ఆ పల్లెలు పడిన బాధ మరొక కథ. ఒకవైపు దొంగకు భయపడాలి, మరొకవైపు దొంగను వెదకవచ్చినవారికి భయపడాలి. కార్యదళాలు జరిపిన విచారణలలో అమాయకులు హింసలకు గురియైనారని ఫిర్యాదులు రాగా, జాతీయ మానవ హక్కుల సంఘం జస్టిస్ సదాశివ అధ్యక్షతన విచారణ జరిపించినది. 2007లో 89 మంది బాధితులకు మొత్తం 2 కోట్ల 80 లక్షల రూపాయల పరిహారం ఇవ్వవలెనని ఆ సంఘం ఆదేశించినది. చంపబడిన పోలీసుల కుటుంబాల శోకం ఎంత నిజమో, ఈ గ్రామస్థుల శోకమూ అంత నిజం. గోపీనాథంలో వైద్యశాల నడిపిన అధికారి ఇంకొక పదేండ్లు బ్రతికి ఉంటే ఈ 89 మందిలో కొందరికైనా ఆ గతి పట్టేది కాదేమో అనిపించక మానదు.

శ్రీనివాస్ గారు నేలకొరిగిన ఎరకెయ్యం వద్ద అడవి మధ్యలో ఆయన స్మారకం నిలిచి ఉన్నది. అది నగరపు కూడలిలో నిలిపిన విగ్రహం వంటిది కాదు. దారినపోయేవారి కంట పడేది కాదు. పనిగట్టుకొని వెళ్ళినవారికే కనబడుతుంది. ఆయన తిరిగిన జీపు ఎక్కడో మూలబడి ఉండగా అటవీశాఖవారు వెదకి తెప్పించి, బాగుచేయించి, జ్ఞాపికగా భద్రపరచారు. రాజస్థాన్‌లోని ఖేజర్లీ గ్రామంలో 1730లో చెట్లను కౌగిలించుకొని ప్రాణాలర్పించిన అమృతాదేవి మొదలైన 363 మంది బిష్ణోయీల స్మృతికి గుర్తుగా, కేంద్ర ప్రభుత్వం 2013లో సెప్టెంబరు 11ను జాతీయ అటవీ అమరవీరుల దినంగా ప్రకటించినది. అప్పటినుండి ఏటా ఆనాడు కర్ణాటక అటవీశాఖవారు చదివే పేర్లలో ఈ రాజమహేంద్రవరపు బిడ్డ పేరు కూడ వినబడుతుంది. సరిగా ఆ మరునాడే ఆయన పుట్టినరోజు.

అతడు లేని అడవి ఇప్పుడు కొంత తేరుకొన్నది. గోపీనాథం చుట్టుపట్ల భూమి కావేరి వన్యప్రాణి అభయారణ్యంలో భాగం. ఆ ప్రక్కనే మలెమహదేశ్వర అడవులను 2013లో అభయారణ్యంగా ప్రకటించారు. ఒకప్పుడు పోలీసు జీపులు తప్ప మరేవీ పోని ఆ ఊరికి ఇప్పుడు అడవి చూడవచ్చే యాత్రికులు పోతున్నారు. వచ్చినవారిలో చాలామంది మొదట అడిగేది వీరప్పన్ ఇల్లెక్కడ అని. ఊరివారు ఆ ఇంటి జాడ చెబుతారు, తరువాత మారియమ్మ గుడి దారి చూపుతారు.